మూడు గళ్ళ కాగితం

"చదువు వదినా, గట్టిగా చదువు. మా అన్నయ్య కూడా వినాలి."

ఆడపడుచు ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా తన కత్తెర బరువు పెట్టింది. టైలరింగ్ షాపు నుంచి సరాసరి వచ్చిన మనిషి. టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. అమ్మ బట్టలు సంచిలో సర్దుదామని లోపలి గదిలోకి వెళ్ళి, మంచం పక్క స్టూలు మీద ఈ కాగితం చూసి, సంచి అక్కడే పడేసి వచ్చింది.

కోడలు చదవలేదు. ఒక్క చూపుకే మూడు గళ్ళూ కంటబడ్డాయి.

పద్దెనిమిదేళ్ళుగా నర్సింగ్ కాలేజీలో ఆ మూడు గళ్ళే ఆమె బతుకు. మొదటి గడిలో రోగి పడుతున్న బాధ. రెండో గడిలో దానికి కారణం. మూడో గడిలో, అదే కారణమని చెప్పడానికి ఆధారం. జబ్బు పేరు డాక్టరు రాసుకుంటాడు, ఆ జబ్బుతో మనిషి పడే పాట్లు నర్సు రాయాలి అని ఏటా కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెబుతుంది. కారణం గడి అడ్డదిడ్డంగా నింపిన కాగితాల మీద ఎర్రటి సున్నాలు చుట్టి వెనక్కి విసిరేస్తుంది. పిల్లలు ఆమెని చాటుగా ఎర్రసిరా అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, కాస్త గర్వం కూడా.

ఈ కాగితంలో సున్నా చుట్టడానికి చోటు కనబడలేదు.

మొదటి గడిలో "వచ్చిపోయే మతి తడబాటు" అని ఉంది. రెండో గడిలో "ఒంట్లో నీరు చాలకపోవడం. సాయంత్రం నాలుగు దాటాక ఇంట్లోవాళ్ళు నీళ్ళు ఇవ్వకపోవడం. పిలవాలంటే భయపడి రోగి తానే తాగడం మానేయడం" అని ఉంది. మూడో గడి నిండా సన్నటి అక్షరాలు, తేదీలు, గంటలు, గ్లాసుల లెక్కలు.

ఇంట్లోవాళ్ళు అని మర్యాదకి రాసింది, రాసిన స్టూడెంటు. ఈ ఇంట్లో ముసలావిడకి నీళ్ళిచ్చే చెయ్యి ఒక్కటే.

"నాలుగు దాటితే మా అమ్మకి నీళ్ళు బందా?" అంది ఆడపడుచు. "మొక్కలకైనా పోస్తారు కదే సాయంత్రం పూట!"

"పోస్తారు. మొక్కలు పక్క తడపవు."

భర్త కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఏ గొడవ వచ్చినా ముందు అద్దాలు తుడుస్తాడు. "నాకీ సంగతి తెలీదే" అన్నాడు.

"మీకేం తెలుసు గనక? మీ అమ్మ వీపున పుండు పడింది కదా, అది కుడివైపా, ఎడమవైపా? చెప్పండి చూద్దాం."

ఆయన చెల్లెలి మొహంలోకి చూశాడు. చెల్లెలు టేపు సవరించుకుంది.

"పుండు పడిందా?" అన్నాడు చివరికి.

"పడలేదు. తుంటి ఎముక ఆపరేషనయి నాలుగు నెలలు. పడనివ్వలేదు నేను. రెండు గంటలకోసారి లేచి పక్కకి తిప్పింది ఎవరో మీ ఇద్దరికీ తెలీదు, అసలు పుండే లేదన్న సంగతీ తెలీదు. నీళ్ళ లెక్క మాత్రం ఇవాళ కావాలి."

"అబ్బో, మనకి పరీక్ష పెడుతోందన్నయ్యా."

"పెడతాను. ఈ నాలుగు నెలల్లో నువ్వెన్ని డైపర్లు మార్చావు?"

"మాది మూడో అంతస్తు. ఆ మెట్లు అమ్మ ఎక్కలేదని నువ్వే అన్నావు."

"మీ అమ్మ ఎక్కలేదన్నాను. నువ్వు దిగలేవని అనలేదుగా!"

బాల్కనీలో పరుపు ఎండకి నిలబెట్టి ఉంది, మధ్యలో, ఈ పది రోజులుగా మళ్ళీ మొదలైన రాత్రి తడి ఇంకా ఆరలేదు. వాషింగ్ మెషీను పొద్దుటి నుంచి రెండోసారి తిరుగుతోంది. కాలేజీకి వెళ్ళేలోగా ఆ దుప్పట్లు ఉతికి, పిండి, ఆరేసి, మళ్ళీ నాలుగింటికి వచ్చి మడతపెట్టే మనిషికి, సాయంత్రం నీళ్ళు ఆపేద్దాం అన్న ఆలోచన ఎప్పుడు వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు. ఒకరోజు ఆపింది. ఆ తెల్లవారి పక్క పొడిగా ఉంది. అంతే.

బల్ల మీద ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం ఉంది. పెద్దవాళ్ళని ఉంచుకునే హోము వాళ్ళ ఫారం. అందులో రాత కోడలిదే. మతి స్థిమితం: లేదు. ఎన్నాళ్ళుగా: రెండు నెలలు. కుదుటపడే అవకాశం: లేదు. కింద రెండు సంతకాలకి చోటు, ఒకటి కొడుకుది, ఒకటి నర్సుది. మతి బాగుండి, ఇంట్లో చూసే దిక్కున్నవాళ్ళని ఆ హోము తీసుకోదు. అందుకే మతి లేదన్న ఆ ఒక్క మాట మీదే మూడింటికి వ్యాను వస్తోంది. ఇప్పుడు పన్నెండు దాటింది.

ఇంతసేపూ వంటింటి గుమ్మానికి ఆనుకుని, గోడలో కలిసిపోవాలని చూస్తున్న పొడుగాటి పిల్లని కోడలు వేలితో పిలిచింది.

"ఇలా రా ఎందుకమ్మా."

ఆఖరి సంవత్సరం పిల్ల. ప్రతి మాటకీ ఎందుకు మేడమ్ అంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరు అది, చివరికి టీచర్లకీ అలవాటైపోయింది. పరీక్షకి ముందు ప్రతి పిల్లా ఒక ఇంటికి వెళ్ళి ఒక రోగిని చూసుకుని, ఇలా మూడు గళ్ళ కాగితం రాసి, ట్యూటరు సంతకం చేయించుకోవాలి. దీనికి ఇచ్చిన కుటుంబం ఉన్నట్టుండి ఇల్లు మారిపోతే, పది రోజుల కిందట కోడలే తనింటికి తీసుకొచ్చింది. పిల్లకి రోగి దొరికినట్టూ ఉంటుంది, పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా తనకి రెండు చేతులు దొరికినట్టూ ఉంటుంది.

ఆ చేతులతో పాటు రెండు కళ్ళు కూడా వస్తాయని లెక్క వేసుకోలేదు.

"కూర్చోమనను. వైవాలో ఎవరూ కూర్చోరు. మతి పోయిందని నేను ఫారంలో రాశాను, చూశావా?"

"చూశాను మేడమ్."

"చూసి కూడా నువ్వు వచ్చిపోయే తడబాటు అని రాశావు. నాకంటే ఎక్కువ చదివావన్నమాట."

"లేదు మేడమ్. మీరు చెప్పిందే రాశాను."

"నేనా?"

"రెండో సంవత్సరంలో చెప్పారు. మతి పోయిన ముసలాళ్ళూ, దాహంతో ఉన్న ముసలాళ్ళూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటారు, నీళ్ళిచ్చి చూడకుండా పేరు పెట్టొద్దు అన్నారు."

ఆడపడుచు ముక్కుతో నవ్వింది.

"వదినా, బాగానే చెబుతావే పాఠాలు!"

కోడలు అటు చూడలేదు. "ఆధారం" అంది.

పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది. గొంతు వణుకుతోంది గానీ మాట తడబడలేదు. "ఆదివారం నేను రాలేదు మేడమ్. సోమవారం పొద్దున వచ్చేసరికి మామ్మగారి నాలుక అట్టలా ఉంది. నన్ను చూసి ఏ బస్సు దిగావమ్మా అన్నారు. మూత్రం చిక్కటి టీ రంగులో ఉంది. గుండెకీ కిడ్నీలకీ ఇబ్బంది లేదని డాక్టరు చీటీలో ఉండడం చూసుకునే, కొద్దికొద్దిగా ఐదు గ్లాసులు తాగించాను. ఒంటిగంటకి నా జడ పట్టుకుని, పాయలు సమంగా తియ్యలేదే, ఎవరల్లారు అని అడిగారు. మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా. పొద్దున మసక, మధ్యాహ్నానికి తేట."

"నేను చూసినప్పుడు తేట లేదే!"

"మీరు చూసేది పొద్దున ఆరింటికి మేడమ్. సాయంత్రం మీరొచ్చాక మామ్మగారు మాట్లాడరు."

"రెండు నెలల నుంచీ ఇలాగే ఉందిగా. నువ్వొచ్చింది పది రోజులు."

"పగలు చూసుకునే ఆయా మానేసింది కూడా రెండు నెలల కిందటే మేడమ్. అప్పటి నుంచీ పొద్దుటి నుంచి నాలుగు దాకా ఒక్కరే ఉన్నారు. సీసా స్టూలు మీదే పెట్టి వెళ్ళేవారట మీరు. వాకరు మాత్రం తలుపు వెనక."

"లేచి పడుతుందని."

"అవును మేడమ్. అందుకే సీసా ముట్టుకోలేదు. తాగితే బాత్‌రూముకి నడవాలిగా."

ఫ్యాను కింద ఫారం అంచు టపటప కొట్టుకుంటోంది. భర్త కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. కోడలికి తెలియకుండానే ఆమెలోని ట్యూటరు మూడో గడికి మార్కులు వేసేసింది. ఆయా మానేసిన తేదీకి, మతి చెడిన తేదీకి ముడివెయ్యాలని ఈ బ్యాచిలో ఇంకెవరికీ తట్టదు. రెండు నెలలుగా తనకీ తట్టలేదు.

"భయం అని రాశావు. ఎవరు చెప్పారు?"

"మామ్మగారే."

"ఏమని?"

పిల్ల లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇంట్లోవాళ్ళ ముందు చెప్పాలా మేడమ్?"

"ఇంట్లోవాళ్ళ కోసమే కదా రాశావు. చెప్పు."

"తాగితే పోవాలి. పోవాలంటే పిలవాలి. పిలిస్తే దాని మొహం చూడాలి. అన్నారు."

వాషింగ్ మెషీను ఆఖరి తిప్పుడు తిరిగి, దడదడలాడి ఆగిపోయింది.

"మతి తడబడే మనిషి మాట ఆధారమా?" అంది కోడలు, చాలా నెమ్మదిగా. పరీక్ష హాల్లో ఆ నెమ్మది వింటే పిల్లలకి చెమటలు పడతాయి. "ఆమె మాట నిజమైతే ఆమె మతి బాగుంది. నీ మొదటి గడి కొట్టెయ్యాలి. మతి బాగాలేకపోతే ఆ మాటకి విలువ లేదు. నీ రెండో గడి కొట్టెయ్యాలి. ఏది కొట్టెయ్యమంటావ్? నువ్వే చెప్పు, నాకు పని తగ్గుతుంది."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా వంగి, మూడో గడిలో ఒక వరస మీద వేలు పెట్టింది.

"టైము రాశాను మేడమ్. ఆ మాట ఒంటిగంటన్నరకి అన్నారు. తేటగా ఉన్నప్పుడు."

ఆడపడుచు చప్పట్లు కొట్టింది. రెండే, గట్టిగా. "ఇంకేం, తేలిపోయిందిగా! మా అమ్మని ఎండబెట్టి పిచ్చిదాన్ని చేసి, పిచ్చిదని కాగితం రాసి, బండెక్కించేద్దామనుకున్నావు. నర్సువట! ఊళ్ళోవాళ్ళకి పాఠాలు చెబుతావట!"

"సరే, తేలిపోయింది. అయితే మీ అమ్మని మీ ఇంటికి తీసుకెళ్ళు."

"మెట్లున్నాయని చెప్పానుగా!"

"మరెందుకు అరుస్తున్నావ్? అమ్మని బండెక్కించకూడదు, మెట్లెక్కించకూడదు. నేను చూడాలి, పైగా నువ్వు తీసిన కొలతలకి సరిపోయేట్టు చూడాలి."

"ఆపండిద్దరూ" అన్నాడు భర్త. ఆయన గొంతు పెరగడం ఇంట్లో అరుదు, పెరిగినా అంతగా వినబడదు. "అమ్మనే అడిగితే పోలా? మతి ఉందో లేదో అమ్మ దగ్గరే తెలుస్తుంది. ఫారంలో ప్రశ్నలున్నాయిగా."

నలుగురూ లోపలికి వెళ్ళారు.

అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ మంచం మీద సగం దాకా పరుచుకుంది. ఎనిమిది నుంచి ఎందుకమ్మ పట్టిన నీళ్ళ వల్ల కాబోలు పెదాలు తడిగా, మొహం తేరుకుని ఉంది. నేల మీద సగం సర్దిన సంచి. ఆవిడ ముందు ఆ సంచిని చూసింది, తరవాత కోడల్ని చూసింది. బయట జరిగిన మాటలు ఇక్కడికి వినబడ్డాయో లేదో ఆ చూపులో తెలియలేదు.

కోడలు ఫారం పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"అత్తయ్యా, ఈమె ఎవరు?"

అత్తగారు కూతుర్ని పైనుంచి కింద దాకా చూసింది. "టైపు నేర్పే ఆవిడ."

"అమ్మా!" అంది ఆడపడుచు.

"మీకు పిల్లలెంతమంది?"

"పిల్లల్లేరు."

భర్త గోడ వైపు తిరిగాడు.

"ఇప్పుడు టైమెంత అయి ఉంటుంది?"

"అర్ధరాత్రి" అంది అత్తగారు, ఎండలో తన చేతులు తిప్పి చూసుకుంటూ.

"ఇదెవరిల్లు?"

"ఇల్లేంటి! ఆస్పత్రి."

"మామ్మగారూ" ఎందుకమ్మ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇందాక నాతో చెప్పారు కదా, అబ్బాయిగారి పెళ్ళిలో కరెంటు పోయిందనీ, మీరు నవ్వారనీ. గుర్తుందా? గంట కూడా కాలేదు."

అత్తగారు ఆ పిల్ల చేతిని తన మోకాలి మీద నుంచి తీసి పక్కన పెట్టింది. "నువ్వెవరమ్మా?"

పిల్ల మొహంలో రంగు పోయింది.

ఆడపడుచు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడుపు నిజమే, కానీ ఆ ఏడుపు వెనకాల ఊపిరి తేలిక పడడం కూడా వినబడింది. "కన్నకూతుర్నే గుర్తుపట్టడం లేదన్నయ్యా. ఇంకేం చేస్తాం? అక్కడైతే డాక్టర్లుంటారు." భర్త తలూపాడు. పెన్ను ఎక్కడుందా అని జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.

కోడలు మాత్రం కదల్లేదు.

ఈ నాలుగు ప్రశ్నలు ఆమె ఎన్ని వందల మందిని అడిగి ఉంటుందో లెక్క లేదు. మతి చెదిరిన మనిషి జవాబు కోసం వెతుక్కుంటుంది. దగ్గర దాకా వస్తుంది, దొరకదు, సిగ్గుపడుతుంది, మాట మారుస్తుంది, నీకు తెలీదా అని ఎదురడుగుతుంది. అత్తగారు వెతకలేదు. అడిగీ అడగ్గానే, ఒక్క ఒప్పు కూడా పొరపాటున దొర్లకుండా, నాలుగుకి నాలుగూ తప్పు చెప్పింది. అంత శుభ్రంగా తప్పు చెప్పాలంటే ఒప్పు తెలిసి ఉండాలి.

"బట్టలు మార్చాలి. అందరూ బయటికి వెళ్ళండి" అంది.

తలుపు వేసి, మంచం చివర కూర్చుంది. చాలా రోజులైంది ఆ మంచం మీద కూర్చుని. ఎప్పుడూ నిలబడే పని చేస్తుంది.

"మరీ తొందరగా చెప్పేశారత్తయ్యా. కాస్త తడబడాల్సింది."

అత్తగారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

"టైపు నేర్పే ఆవిడట! ఎక్కడ్నుంచి వచ్చింది ఆ మాట?"

"వ్యాను ఎన్నింటికి?" అంది అత్తగారు.

"మూడింటికి."

"ఇంకా రెండు గంటలా!"

కోడలు ఫారం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ హోములో మతి లేనివాళ్ళని కింద ఉంచరు. పై అంతస్తు. మెట్ల దగ్గర ఇనపగేటు, దానికి తాళం. ఏటా మా పిల్లల్ని తీసుకెళ్తాను, చూశాను. లేచి తిరుగుతారని నడుముకి పట్టీ వేసి కుర్చీకి బిగిస్తారు. పొద్దున మాత్ర, మధ్యాహ్నం మాత్ర. పన్నెండు మందికి ఒక్క ఆయా. పిలిస్తే రాదు. నేనైనా మూడోసారికి వచ్చేదాన్ని."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఫోన్లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. పోయింది తుంటి, చెవులు కాదు."

"తెలిసీ వెళ్తారా? మతి ఉండి, మతి లేనివాళ్ళ మధ్యకి?"

అత్తగారు మొదటిసారి ఆమె కళ్ళల్లోకి చూసింది.

"అక్కడ నువ్వుండవుగా."

తిట్టినట్టు అనలేదు. కుట్టినట్టూ అనలేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది.

"నేను మిమ్మల్ని ఒక్క దెబ్బ వేశానా?"

"వెయ్యలేదు."

"ఒక్క పూట తిండి మానిపించానా?"

"లేదు."

"ఒంటి మీద ఒక్క పుండు పడనిచ్చానా? మీ కొడుకు, మీ కూతురు మీ గదిలోకి తొంగి చూడకపోతే, మిమ్మల్ని కడిగిందెవరు, తుడిచిందెవరు?"

"నువ్వే. గిన్నె తోమినట్టు తోమావు నన్ను. ఒక్క మచ్చ లేదు." అత్తగారు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "గిన్నెతో ఎవరు మాట్లాడతారులే. సంతకం పెట్టి పంపించెయ్యి. నీకూ సుఖం, నాకూ సుఖం."

కోడలు లేచింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేతుల్లో రోగులు పోయారు, కోలుకున్నారు, దణ్ణాలు పెట్టి వెళ్ళారు. ఆమె చేతులు వద్దని తప్పించుకుని పోయినవాళ్ళు లేరు. అదీ ఇనపగేటు వెనక్కి. గుమ్మం దాటేలోగా లోపల ఏదో కాస్త మెత్తబడబోయింది. అది మెత్తబడలేదు, గట్టిపడింది.

తలుపు ఓరగా వదిలేసి వచ్చింది.

బల్ల దగ్గర ఫారం కోసం ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. భర్త ఆమె చేతిలోంచి తీసుకుని తన చోట సంతకం పెట్టేసి, పెన్ను ఆమె వైపు తిప్పాడు. ఆడపడుచు గొంతు పూర్తిగా మారిపోయింది. "ఇందాక నోరు జారాను వదినా, మనసులో పెట్టుకోకు. అమ్మ సంగతి కళ్ళారా చూశాను కదా. ఈ పిల్లదేముంది, చిన్నపిల్ల, ఏదో రాసింది."

కోడలు పెన్ను తీసుకోలేదు. తన సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. కత్తెర పక్కకి జరిపి, ఎందుకమ్మ కాగితం ముందుకి లాక్కుంది.

పిల్ల కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువు. పదికి పది." కింద సంతకం పెట్టి తేదీ వేసింది. "నీ డయాగ్నసిస్ కరెక్టు. మూడు గళ్ళూ. ఇన్నేళ్ళలో నేను పదికి పది వెయ్యడం ఇదే."

"అంటే?" అంది ఆడపడుచు.

"అంటే మీ అమ్మకి మతి శుభ్రంగా ఉంది. మనందరికంటే శుభ్రంగా."

"మరిందాక నన్ను గుర్తే..."

"నాటకం." కోడలు ఫారాన్ని రెండు మడతలు పెట్టి, నాలుగు ముక్కలు చేసింది. "నేను తప్పు రాశాను. ఈ పిల్ల సరిగ్గా రాసింది. వ్యాను రావద్దని ఫోను చెయ్యండి. మతి ఉండి, ఇంట్లో నర్సు కూడా ఉన్న మనిషిని వాళ్ళు ఎలాగూ తీసుకోరు."

భర్త కాసేపు అర్థం కానట్టు చూశాడు. తరవాత ఆయన మొహం విప్పారింది. "పోన్లే. నాకూ మనసొప్పలేదు అసలు. ఎంతైనా ఇల్లే నయం" అన్నాడు. ఆడపడుచు టేపు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. "అదే నేనూ అంటున్నాను మొదట్నుంచీ. ఇంట్లో ఉన్నంత భద్రంగా ఎక్కడుంటుంది? షాపులో కుట్టు సగంలో వదిలేసి వచ్చాను, వెళ్తానన్నయ్యా."

"కారణం తెలిశాక ఏం చెయ్యాలి ఎందుకమ్మా?" అంది కోడలు.

"చెయ్యాల్సిన పనులు రాయాలి మేడమ్."

"రాయి, చెబుతాను. పొద్దున ఆరు నుంచి గంటకో గ్లాసు నీళ్ళు. రోగి అడగనక్కర్లేదు, నేనే తీసుకెళ్తాను. తాగేదాకా పక్కనే నిలబడతాను. రాశావా?"

పిల్ల తన నోటుపుస్తకం తీసి రాస్తోంది.

"రెండు గంటలకోసారి బాత్‌రూముకి తీసుకెళ్తాను. ఆయా వద్దు. చెయ్యి పట్టుకుని నేనే నడిపిస్తాను, నేనే కూర్చోబెడతాను, అయ్యేదాకా నేనే నిలబడతాను. రేపటి నుంచి నెల సెలవు పెడుతున్నాను. మంచం పక్కనే కుర్చీ వేసుకుంటాను. పిలవాలంటే భయమని రాశావు కదా. ఇక పిలవాల్సిన అవసరమే రాదు. పొద్దున్న కళ్ళు తెరిచినప్పటి నుంచి మళ్ళీ మూసేదాకా నా మొహమే కనబడుతుంది."

ఏ పుస్తకంలో చూసినా ఇంతకంటే సరైన సేవ దొరకదు. ఒక్క మాట కొట్టెయ్యడానికి లేదు.

పిల్ల పెన్ను ఆగింది. ఓరగా ఉన్న తలుపు వైపు చూసింది. లోపల మంచం కిర్రుమంది. లేవబోయి లేవలేక మళ్ళీ కూలబడిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

భర్త ఫోను తీసి నంబరు వెతుకుతున్నాడు.

"మేడమ్" అంది ఎందుకమ్మ. "నా కాగితం ఒకసారి ఇవ్వండి."

"ఏం?"

"తప్పు రాశాను."

కోడలు ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "సంతకం పడింది. ఆ సంతకంతోనే నువ్వు పరీక్షకి కూర్చునేది. ఏ గడిలో తప్పు?"

పొడుగాటి పిల్ల ఇప్పుడు నిటారుగా నిలబడింది. ట్యూటరు కంటే బెత్తెడు ఎత్తు. గొంతులో ఇందాకటి వణుకు లేదు.

"మూడు గళ్ళూ తప్పే మేడమ్. మామ్మగారికి మతి లేదు. నేను కళ్ళారా చూశాను. వ్యాను రమ్మనండి సార్."

భర్త వేలు ఫోను మీద ఆగిపోయింది.